ఐదొందల నోటు తీసేస్తే దొంగ నోటు పోదు: వర్తక సంఘాల పెద్దలకు ఒక గుమస్తా బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు వర్తక సంఘాల పెద్దలకు,

నమస్కారాలు. నేను వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా షాపులో గల్లా చూసుకునే గుమస్తాను. దొంగ నోట్ల బెడద పోవాలంటే రూ. 500 నోటును రద్దు చేయాలని కోరుతూ కేంద్రానికి, రిజర్వ్ బ్యాంకుకు పంపడానికి మీరు తిప్పుతున్న అర్జీ సంతకం కోసం మా షాపుకు కూడా వచ్చింది. మా షావుకారు దాన్ని చదివి, "రోజూ నోట్లు చూసేది నువ్వే కదా, నువ్వేమంటావు?" అని నా ముందు పెట్టారు. సంతకం పెట్టొద్దన్నాను. ఎందుకన్నానో ఆయనకు చెప్పాను, ఆయన కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. మీ అందరి షాపులకూ తిరిగి చెప్పే తీరిక నాకు లేదు, కూర్చుని వినే తీరిక మీకూ ఉండదు. అందుకే ఈ లేఖ.

అర్జీలో ఉన్న వాదన మూడు వాక్యాల్లో అయిపోతుంది. బ్యాంకుల్లో దొరుకుతున్న దొంగ నోట్లలో సగానికి పైగా ఐదొందలవే. కాబట్టి ఐదొందల నోటు పోతే సగం బెడద అక్కడికక్కడే తీరుతుంది. మిగిలేవి చిన్న నోట్లు గనుక వాటిని కొట్టడం దొంగలకు గిట్టుబాటు కాదు.

మొదటి వాక్యం నిజమే. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం 2024-25లో బ్యాంకుల్లో పట్టుబడ్డ నకిలీ నోట్లు మొత్తం 2,17,396. అందులో 500 నోట్లు 1,17,722. నూటికి 54. దాంతో నాకు పేచీ లేదు. మిగతా రెండు వాక్యాలూ ఈ అంకె మీద నిలబడవు.

ముందు ఒక మాట పక్కన పెట్టేస్తాను. పెద్ద నోట్లు రద్దు చేయాలని మన ముఖ్యమంత్రి గారు 2025 మేలో కడప మహానాడులో అన్న సంగతి మీలో చాలామంది నాకు గుర్తు చేస్తారు. ఆయన అన్నది అవినీతి గురించి. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ, దానికి వేరే లెక్కలు కావాలి. మీ అర్జీలో దొంగ నోట్ల గురించి తప్ప ఇంకో మాట లేదు గనుక నేనూ దాని గురించే రాస్తాను.

రిజర్వ్ బ్యాంకు ఏటా తన వార్షిక నివేదికలో ఏ నోటుకు ఎన్ని నకిలీలు దొరికాయో పట్టిక వేస్తుంది. ఒక్క ఏడాది పట్టిక చూస్తే మీ మాట నిజమే అనిపిస్తుంది. కొన్నేళ్లవి వరసగా పెట్టుకుని చూడండి. 2018-19లో మొత్తం దొరికినవి 3,17,384. అందులో వంద నోట్లు 2,21,218, అంటే నూటికి 70 దాకా. ఆ ఏడాది కొత్త 500 నకిలీలు 21,865 మాత్రమే. 2000 నోటువి 21,847. మీ అర్జీ ఆ సంవత్సరం రాసి ఉంటే, ఇదే వాదనతో, ఇదే పద్ధతిలో, వంద నోటు రద్దు చేయమని రాయాల్సి వచ్చేది. అప్పుడు దొంగలకు వంద గిట్టుబాటైంది. ఇప్పుడు గిట్టుబాటు కాదని ఏ ధైర్యంతో అంటాం?

ఎందుకు అలా జరిగిందో గల్లా మీద కూర్చున్న వాళ్లకు తెలుసు. అప్పట్లో 500, 2000 నోట్లు కొత్తవి. ఎవడిచ్చినా తిప్పి చూసేవాళ్లం, లైటుకు ఎత్తి చూసేవాళ్లం. వంద నోటు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా అని లెక్కపెట్టి లోపల పడేసేవాళ్లం. దొంగ నోటు వెళ్లేది పెద్ద నోటులోకి కాదు, జనం చూడకుండా తీసుకునే నోటులోకి. ఏళ్లు గడిచాక 500 కూడా అలాంటి నోటే అయింది. 2016-17లో కొత్త 500 నకిలీలు బ్యాంకుల్లో దొరికినవి 199. ఎనిమిదేళ్లకు 1,17,722. దేశంలో తిరిగే 500 నోట్లు కూడా ఈలోపు బాగా పెరిగాయి, 2025 మార్చి నాటికి చలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం వీటిదే. పెరుగుదలలో కొంత వాటా దానిది. అయినా దిశ అర్థమవుతూనే ఉంది.

200 నోటు సంగతి ఇంకా ముచ్చటైనది. అది 2017 ఆగస్టులో వచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో దానికి దొరికిన నకిలీలు 79. మరుసటి ఏడాది 12,728. 2024-25లో 32,660. ఎవరూ పెద్ద నోటు అనుకోని నోటు అది. రేపు 500 లేకపోతే ఈ దేశంలో తిరిగే నోట్లలో అన్నిటికంటే పెద్దది అదే అవుతుంది.

2016 నవంబరు 8 రాత్రిని మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. పాత 500, 1000 నోట్లను రద్దు చేస్తూ చెప్పిన కారణాల్లో దొంగ నోట్లు ఒకటి. అంతకుముందు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒక అంచనా వేశారు: ఏ సమయంలో చూసినా దేశంలో 400 కోట్ల రూపాయల దొంగ నోట్లు తిరుగుతుంటాయని, పది లక్షల నోట్లకు 250 నకిలీవని. రద్దు చేసిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు తిరిగి బ్యాంకులకు వచ్చేశాయి. పెద్ద నోట్లన్నీ బ్యాంకుల గుమ్మం తొక్కిన ఆ ఏడాది పట్టుబడ్డ నకిలీలు 7,62,072. అవన్నీ వెయ్యి నోట్లే అనుకున్నా 77 కోట్లకు మించవు. మరి 400 కోట్లలో మిగతావి ఏమైనట్టు? అంచనా ఎక్కువైనా అయి ఉండాలి, బ్యాంకుకు తీసుకెళ్తే ఎక్కడ ఇరుక్కుంటామో అని జనం చించి పారేసైనా ఉండాలి. మొదటిది నిజమైతే బెడదను కొండంతలు చేసి చెప్పారని. రెండోది నిజమైతే నష్టం దొంగ మీద కాకుండా చివర్లో ఎవరి చేతిలో నోటు ఉందో వాళ్ల మీద పడిందని.

మీ వైపు ఉన్న ఒక మాట కూడా నేను ఒప్పుకోవాలి. 2016-17లో 7.62 లక్షలు దొరికితే 2024-25లో 2.17 లక్షలే దొరికాయి. ఇది చిన్న తగ్గుదల కాదు. కొత్త నోట్లు తేవడం వల్ల దొంగలు కొన్నేళ్లు వెనకబడ్డారంటే నేను కాదనను. అయితే దానికి మనం కట్టిన ధర చూడండి. ఆ నవంబరు, డిసెంబరుల్లో వన్ టౌన్‌లో లారీ దించిన ముఠా వాళ్లకు, అంటే హమాలీలకు, కూలి ఇవ్వడానికి వంద నోట్లు లేక సరుకు గోడౌన్ల ముందే ఆగిపోయిన రోజులున్నాయి. దానికి బదులుగా దొరికింది దొంగలకు కాస్త ఆలస్యం. అది కూడా పూర్తి ఆలస్యం కాదు. 2000 నోటు వచ్చిన అయిదు నెలల లోపే, 2017 మార్చి ముగిసేసరికి, 638 నకిలీ 2000 నోట్లు బ్యాంకుల్లో దొరికాయి. అంతకంటే ముందే, నోటు బయటికి వచ్చిన కొద్ది రోజులకే, కర్ణాటకలోని చిక్కమగళూరు మార్కెట్‌లో ఉల్లిపాయలు అమ్ముకున్నాయనకు ఎవడో 2000 నోటు కలర్ జిరాక్స్ అంటగట్టి పోయాడు. అసలు నోటు ఎలా ఉంటుందో తెలియని వాళ్లకు జిరాక్స్ కాగితం కూడా నోటులాగే ఉంటుంది. నోటు కొత్తదైతే దొంగకు కష్టమని మనం అనుకుంటాం. కొత్త నోటు తీసుకునేవాడికీ కొత్తే అన్నది మర్చిపోతాం. ఆ హడావుడిలో అచ్చైన అసలు 500 నోట్లలోనే తేడాలు వచ్చాయి. గాంధీ గారి బొమ్మ వెనక నీడ ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా పడితే, తొందరలో ముద్రణ లోపమున్న నోట్లు బయటికి వచ్చి ఉంటాయని రిజర్వ్ బ్యాంకే చెప్పుకోవాల్సి వచ్చింది. అసలు నోట్లే రెండు రకాలుగా ఉంటే మేం దేన్ని పట్టుకుని దేన్ని దొంగదనాలి?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. దీని గురించి అర్జీలో ఒక్క మాట లేదు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు తన మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్ముకుని లక్షన్నర చేతికి తీసుకున్నాడనుకోండి. 500 నోట్లయితే మూడు కట్టలు, మూడొందల నోట్లు. వంద నోట్లయితే పదిహేను కట్టలు, పదిహేను వందల నోట్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో ఆ యార్డులో నిలబడ్డ వాళ్లెవరికైనా తెలుసు, ఘాటుకు తుమ్ములు ఆగవు, కళ్లు మండుతుంటాయి, వేళ్లకు ఎర్రటి దుమ్ము. ఆ చేతుల్తో నోటును కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఎవడూ చూడడు. మూడొందల నోట్లయితే ఓపికున్నవాడు ఓసారి వేలితో తడుముతాడు. పదిహేను వందల నోట్లను తడిమే రైతును నేను చూడలేదు. కట్టలు లెక్కపెట్టుకుని సంచీలో వేసుకుని బస్సెక్కుతాడు. కట్ట మధ్యలో నాలుగు దొంగ వందలుంటే ఊళ్లో ఎరువుల షాపులో బయటపడతాయి. అప్పుడు ఎవరిచ్చారని ఎవర్ని అడుగుతాడు?

మన షాపుల్లోనూ అంతే. ఇప్పుడు ఒక కట్ట చూసే టైములో రేపు అదే డబ్బు వంద నోట్లలో వస్తే అయిదు కట్టలు చూడాలి. మనిషిని పెంచరు, టైము పెరగదు. ఒక్కో నోటు మీద పడే చూపు అయిదో వంతుకు తగ్గిపోతుంది. లెక్కపెట్టే మెషిన్ ఉంది కదా అంటారు. మనలో చాలా షాపుల్లో ఉన్నవి లెక్కపెట్టడానికి పనికొచ్చే మామూలు మెషిన్లు. వాటి పట్టింపంతా సంఖ్య మీదే. దొంగ వంద అచ్చేయడం గిట్టుబాటు కాదనే వాళ్లు కాగితం, సిరా ఖర్చు లెక్క చూస్తున్నారు. పట్టుబడే భయం తగ్గితే అదే దొంగకు మిగులు. 2018-19 అంకె చెప్పింది అదే.

ఇక అర్జీ పక్కన నోటిమాటగా వినిపించే మిగతా ఉపాయాలు త్వరత్వరగా చెప్పేస్తాను. శిక్షలు పెంచాలంటారు. భారతీయ న్యాయ సంహితలో 178, 179 సెక్షన్ల కింద దొంగ నోటు తయారుచేసినా, దొంగదని తెలిసి చెల్లించినా యావజ్జీవం దాకా ఇప్పటికే ఉంది. ఇంకా పెంచాలంటే ఉరి ఒకటే మిగిలింది. దొరికితే కదా శిక్ష.

మొత్తం ఫోన్ పే, గూగుల్ పే చేసేస్తే నోటే ఉండదు, దొంగ నోటు ఎక్కడిదంటారు. పేమెంట్ అయినట్టు దొంగ స్క్రీన్ చూపించి సరుకు పట్టుకెళ్లేవాళ్లు వచ్చాకే కదా ప్రతి షాపులోనూ మాట్లాడే డబ్బా పెట్టుకున్నాం. ఒక మోసం పోయి ఇంకో మోసం వచ్చింది, అంతే. నేను గమనించింది ఇంకోటుంది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లు నోటు చేత్తో పట్టుకునేదే తక్కువ. వాళ్ల వేళ్లకు నోటు తెలీదు. నగదు తగ్గేకొద్దీ, మిగిలిన ఆ కాస్త నగదులో దొంగ నోటును పట్టే చేతులూ తగ్గిపోతాయి.

నోటుకు ఇంకా భద్రతా గుర్తులు పెట్టమంటారు కొందరు. ఉన్నవి తక్కువేం కాదు. 500 నోటు రెండు అంచుల్లోనూ అయిదేసి ఏటవాలు గీతలు చేతికి తగులుతాయి. కుడివైపు కింద ఉన్న 500 అంకె, మధ్యలో దారం, నోటు వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారతాయి. లైటుకు ఎత్తితే గాంధీ గారి నీటి ముద్ర, పక్కనే 500. సీరియల్ నంబరు అంకెలు ఎడమ నుంచి కుడికి సైజులో పెరుగుతూ పోతాయి. ఇవన్నీ బాగానే ఉన్నాయి, చూస్తే. సాయంత్రం ఆరున్నర దాటాక మా గల్లా ముందు ఎలా ఉంటుందో ఒక్కసారి వచ్చి నిలబడండి. లైన్ వ్యాన్లు తిరిగొస్తాయి, పల్లెటూరి షాపుల వాళ్లు ఇచ్చిన నోట్లన్నీ రబ్బరు బ్యాండు వేసి ఒకేసారి నా ముందు పడేస్తారు. నూనె మరకలు, బెల్లం జిగురు, చెమట తడి. నలిగిన నోటుకు ఆ గీతలు అరిగిపోయి ఉంటాయి, వేలికి తగలవు. అసలు నోటే పరీక్ష తప్పుతుంది. ఫెళఫెళలాడే దొంగ నోటు అదే పరీక్షలో పాసవుతుంది. 2025 ఏప్రిల్‌లో మంచి నాణ్యమైన దొంగ 500 నోట్లు తిరుగుతున్నాయని కేంద్రం హెచ్చరిక ఇచ్చినప్పుడు, రిజర్వ్ అన్న ఇంగ్లీషు మాటలో ఒక్క 'ఈ' బదులు 'ఏ' పడిందని, దాన్ని చూసి పట్టుకోవచ్చని చెప్పారు. ముఠా మేస్త్రీకి కూలి డబ్బులు ఇచ్చేటప్పుడు ఆయన ఆ అక్షరం వెతుక్కుంటాడా? ఎంత మంచి గుర్తు పెట్టినా పని చేయని సందర్భం చరిత్రలోనే ఉంది. 1925లో పోర్చుగల్‌లో ఆల్వెస్ దోస్ రెయిస్ అనే అతను దేశం నోట్లు అచ్చేసే లండన్ కంపెనీకే దొంగ కాగితాలు చూపించి, అసలు ప్లేట్ల మీదే నోట్లు అచ్చు వేయించుకున్నాడు. నోటును చూసి పట్టుకోవడానికి అందులో తప్పేమీ లేదు, నంబర్లు రెండేసి సార్లు రావడం వల్ల బయటపడింది.

జనానికి భయం ఎక్కువ పెడితే ఇంకో చిక్కు. ప్రభుత్వం రద్దు చేసేదాకా "500 నోట్లు తీసుకోబడవు" అని బోర్డులు పెడదామని మీలో కొందరు అంటున్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయొద్దు. పది రూపాయల బిళ్ల గతి చూశాం కదా. దొంగ బిళ్లలు వచ్చాయని ఎవడో అన్నాడు, రకరకాల బొమ్మలతో ఉండేసరికి జనం నమ్మారు. పద్నాలుగు రకాల బిళ్లలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇచ్చినా మన బెజవాడలో సిటీ బస్సులోనూ, కూరగాయల బండి దగ్గరా 'తీసుకోం' అనే వాళ్లు ఏళ్లపాటు ఉన్నారు. తర్వాత నోటు మీద ఆకుపచ్చ గీత గాంధీ గారి బొమ్మకు దగ్గరుంటే దొంగదని ఒక మెసేజ్. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు (*) ఉంటే దొంగదని ఇంకో మెసేజ్. ఆ నక్షత్రం గుర్తు ముద్రణలో పాడైన నోటు బదులు వేసేదని, నిక్షేపంలాంటి నోటని 2023 జులైలో మళ్లీ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఎవడో అచ్చేసిన దొంగ డబ్బు మంచిదిగా చెలామణి కావడం ఒక నష్టం. మంచి డబ్బును మనమే దొంగదని తోసేయడం ఇంకో నష్టం, అది పేదవాడి జేబులోంచి పోతుంది. బోర్డు పెడితే జరిగేది రెండోది.

మరి దొంగ నోటు ఎందుకు బతుకుతోంది? నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీనికోసమే రాశాను. దొంగ నోటు అచ్చేసేవాడు ఎక్కడో ఉంటాడు, ఒక్కసారి బయటికి వదులుతాడు. దాన్ని వంద చేతులు మార్చేది మనలాంటి వాళ్లం, దొంగలం కాని వాళ్లం. ఎందుకంటే నిజాయితీగా ఉన్నవాడే నష్టపోయేలా ఉంది ఏర్పాటు.

రూలు ఇలా ఉంది. బ్యాంకు కౌంటరులో దొంగ నోటు ఇస్తే వాళ్లు దాని మీద నకిలీ నోటు అని ముద్ర కొట్టి తీసేసుకోవాలి. తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే బ్యాంకుకే జరిమానా. మనకు ఒక రసీదు ఇవ్వాలి, మనం దాని మీద సంతకం పెట్టకపోయినా ఇవ్వాలి. నోటు విలువ మాత్రం ఒక్క రూపాయి రాదు. ఒకేసారి ఇచ్చిన వాటిలో నాలుగు దాకా దొరికితే నెలాఖరున పోలీసులకు ఒక నివేదిక పంపుతారు, అంతే. అయిదు, అంతకు మించి ఉంటే వెంటనే ఎఫ్‌ఐఆర్. ఈ రూలులో దురుద్దేశం ఏమీ లేదు. దొంగ నోటుకు డబ్బు ఇస్తామంటే దొంగలే క్యూ కడతారు. కానీ ఫలితం ఏమైంది? గల్లాలో ఒక దొంగ 500 కనబడితే నా ముందు రెండు దారులుంటాయి. బ్యాంకుకు తీసుకెళ్తే 500 పోయినట్టే. సాయంత్రం రద్దీలో ఎవరికో అంటగడితే పోదు.

ఆ ఎవరో ఎవరన్నది కూడా చెప్పాలి. షావుకారుకు అంటగట్టలేం. బ్యాంకుకు అంటగట్టలేం. సరుకు పంపే కంపెనీ వాళ్లకు డబ్బు ఆన్‌లైన్‌లో వెళ్తుంది. మిగిలేది హమాలీ, ఆటో అతను, ఊరి నుంచి వచ్చిన చిన్న కొట్టు ఆయన, అమ్మకానికి వచ్చిన రైతు. దొంగ నోటు ఎప్పుడూ కిందికే పోతుంది. మా వీధిలో ఒక షాపులో జరిగింది చెబుతాను. అక్కడి గుమస్తా గల్లాలో మూడు దొంగ 500 నోట్లు బయటపడ్డాయి. షావుకారు అతని జీతంలోంచి పదిహేను వందలు కోశాడు. ఆ కుర్రాడు కోత సంగతి ఎవరికీ చెప్పలేదు, నోట్లు మాత్రం జేబులో పెట్టుకున్నాడు. రెండు వారాల్లో మూడూ ఎక్కడెక్కడో చెల్లిపోయాయి. ఒకటి తిరిగి తిరిగి మా షాపు ముఠా అతని కూలి డబ్బుల్లో తేలింది. దాన్ని నేను గుర్తుపట్టడానికి కారణం, కుడి అంచున చిన్న స్కెచ్ పెన్ను గీత. అది దొంగదని గుర్తుగా ఆ షావుకారే గీశాడట. ఆ కుర్రాణ్ణి దొంగ అనాలంటే నాకు నోరు రాదు. పదిహేను వందలు అతని నెల జీతంలో ఎంతో నాకు తెలుసు. జీతం కోసిన రోజునే ఆ మూడు నోట్లకు మళ్లీ ప్రాణం పోశారు.

500 నోటు రద్దయినా ఈ ఏర్పాటు మారదు. 200 నోటుకు కోస్తారు, వంద నోటుకు కోస్తారు. కోత చిన్నదయ్యేసరికి బ్యాంకు దాకా వెళ్లే ఓపిక ఇంకా తగ్గుతుంది. వంద కోసం ఎవడు క్యూలో నిలబడతాడు? అటు తోసేస్తాడు.

కాబట్టి ఢిల్లీకి పంపే అర్జీ కంటే ముందు మన చేతిలో ఉన్నది చేద్దాం. దొంగ నోటు వచ్చిందని గుమస్తా జీతంలో కోయడం ఆపాలి. ఇది సంఘం తీర్మానంగా రావాలి, ఒక్కో షావుకారు మంచితనం మీద వదిలేస్తే జరగదు. ఆ నష్టాన్ని భరించడానికి సంఘంలో ఒక చిన్న నిధి పెట్టండి. బ్యాంకు ఇచ్చిన రసీదు చూపిస్తే నోటు విలువ షాపుకు తిరిగి ఇవ్వండి. రసీదు లేకపోతే ఇవ్వొద్దు. దొంగ నోట్లు కావాలని తెచ్చి నిధిని దోచుకోరా అని మా షావుకారు కూడా అడిగారు. దోచుకోవాలంటే ముందు బ్యాంకు కౌంటరులో తన పేరు రాయించుకోవాలి, అయిదు నోట్లయితే పోలీసు కేసు నెత్తిన పెట్టుకోవాలి. ఆ మాత్రం దానికి ఆ పని ఎవడూ చేయడు. కావాలంటే షాపుకు నెలకు ఇన్ని నోట్లని పరిమితి పెట్టుకోండి. ఎన్ని అన్నది మీరే తేల్చుకోవచ్చు, నాకు పట్టింపు లేదు.

పోలీసుల భయం గురించి కూడా సంఘం తరఫున ఒక కాగితం అచ్చేసి షాపుల్లో అంటిస్తే మేలు. న్యాయ సంహిత 180వ సెక్షన్ ప్రకారం దొంగ నోటు అని తెలిసి, దాన్ని చెల్లించే ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడం నేరం. నోటు న్యాయంగానే తన చేతికొచ్చిందని చూపించగలిగితే నేరం కాదని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. బిల్లు పుస్తకం, చిట్టా సరిగ్గా ఉన్న షాపుకు భయపడాల్సిన పని లేదు. దొరికిన రోజునే తీసుకెళ్లాలి. తీరిక దొరికినప్పుడు చూద్దాం అని డ్రాయరు మూలన పోగు చేసుకుంటేనే చిక్కు.

హమాలీల కూలి, రైతుల డబ్బు విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. వాళ్లకు ఇచ్చేది బ్యాంకు నుంచి గానీ ఏటీఎం నుంచి గానీ తెచ్చిన నోట్లలోంచే ఇవ్వాలి, గల్లాలో ఆ రోజు పోగైన వాటిలోంచి కాదు. వంద, ఆపై నోట్లను మెషిన్‌లో పరీక్షించాకే బ్యాంకులు మళ్లీ బయటికి ఇవ్వాలన్న రూలు ఉంది. ఆ పరీక్ష ఖర్చు ఎలాగూ బ్యాంకే పెట్టుకుంటోంది, దాని లాభం కింది వాడికి అందేలా చూడటమే మన పని. ఖాతా ఉన్నవాళ్లకు ఖాతాలోకే పంపండి. గుంటూరు కమీషన్ షాపుల పెద్దలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. సీజన్‌లో మీ దగ్గర చేతులు మారే నగదు మా వన్ టౌన్ వాళ్లు ఊహించలేనంత.

గల్లాల దగ్గర యూవీ లైటు పెట్టించండి. పెద్ద ఖర్చేమీ కాదు. ఆ వెలుతురులో అసలు నోటు కాగితం మెరవదు, నంబర్లూ సన్నటి పోగులూ మాత్రం మెరుస్తాయి. మామూలు జిరాక్స్ కాగితం మీద అచ్చేసిన నోటు మొత్తం నీలంగా వెలిగిపోతుంది. మంచి కాగితం వాడిన దొంగ నోటును ఇది పట్టకపోవచ్చు. సరకు లోపలికి వచ్చే చోట కాకుండా డబ్బు లోపలికి వచ్చే చోట పెట్టండి, అంటే లైన్ వ్యాన్ కలెక్షన్ తీసుకునే బల్ల మీద. డ్రైవరు ఎదురుగా ఉన్నప్పుడే తేలిపోవాలి, రాత్రి గల్లా కట్టాక తేలితే గొడవ తప్ప ఇంకేమీ మిగలదు.

అర్జీ కేంద్రానికి పంపాలనే ఉంటే పంపండి, కానీ అందులో అడిగేది మార్చండి. దొంగ నోటు తెచ్చి అప్పగించిన చిన్నవాడికి, ఏడాదికి ఒకటి రెండు నోట్ల వరకైనా, ఆధార్ నంబరు మీద ఏదో కొంత తిరిగి ఇచ్చే ఏర్పాటు ఆలోచించమని అడగండి. సగం ఇచ్చినా చాలు. రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంటుందని నాకు గట్టి నమ్మకం లేదు, ఒప్పుకోకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. అయినా 500 నోటు రద్దు చేయమనడం కంటే ఇది అడగదగ్గ మాట.

దసరా రద్దీ మొదలైతే అమ్మవారి భక్తులతో ఊరు నిండిపోతుంది, మీకూ మాకూ తల తిప్పుకునే తీరిక ఉండదు, దొంగ నోట్లు చెల్లించేవాళ్లకు అంతకంటే మంచి రోజులు ఉండవు. జీతం కోత మీద తీర్మానం ఈలోపే చేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
వన్ టౌన్ గుమస్తా ఒకడు,
విజయవాడ